ఖాళీ గదిలో తిరిగే ఫ్యాన్

నాటింగ్‌హామ్,
20 అక్టోబర్ 2024, ఆదివారం

అన్నయ్యకు, వదినకు హన్నా వందనాలు.

ఫోన్‌లో నా మాట నీకు వినబడడం లేదనీ, ఊరికే తల ఊపి ఫోన్ తన చేతికిస్తున్నావనీ వదిన చెప్పింది. ముప్పై ఐదేళ్లు ఫ్యాన్లు, మోటార్ల పక్కన కూర్చున్న చెవులు మరి. వినికిడి మిషన్ కొనిపిస్తే "దీంట్ల మోటార్ సప్పుడే పెద్దగ వినవడ్తాంది" అని డ్రాయర్లో పడేశావట. అందుకని ఒక ఏర్పాటు అనుకున్నాను. పండగలు, కూరలు, పక్కింటివాళ్ల సంగతులు వదినతో ఫోన్‌లో మాట్లాడతాను. నీతో చెప్పాల్సినవి ఇలా కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతాను. నువ్వూ అలాగే పంపు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు రాసిన కార్డుల తర్వాత నీ అక్షరాలు చూడనే లేదు.

కొత్త ఇంట్లోకి వచ్చి నాలుగు నెలలైంది. గోడలు దళసరి, కిటికీలకు రెండేసి అద్దాలు. తలుపు మూస్తే బయట బస్సు పోయినా తెలియదు. విన్సెంట్ ఇప్పటికీ గోడలు తడిమి చూసుకుంటున్నారు, నిజంగా మనదేనా అని. ఒక్కటే లోపం, వడ్రంగి సరైనవాడు కాదు. లోపలి తలుపులన్నింటి కింద వేలు మందం సందు వదిలేశాడు. కాళ్లకు చల్లగా తగులుతుంది.

తాళాలతో పాటు బిల్డర్ ఒక లావు పుస్తకం ఇచ్చాడు. మేమిద్దరం ఇంకా తెరవలేదు. దానితో పాటు ఒక కాగితం ఉంది, ఫ్యాన్ల టెస్ట్ రిపోర్ట్. ఇక్కడ ఇల్లు కట్టి అప్పజెప్పాలంటే వంటగదిలో, స్నానాల గదిలో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎంత గాలి లాగుతుందో మిషన్‌తో కొలిచి, సంతకం పెట్టి ఇవ్వాలట. ప్రభుత్వ నియమం. వంటగది 13, స్నానాల గది 8 అని ఉంది. అదేం కొలతో నాకు అర్థం కాలేదు. ఇంట్లో ఫ్యాన్ల పండితుడు ఉండగా బయటివాళ్లను అడగడం ఎందుకని దాని ఫోటో కూడా పంపుతున్నాను.

దివ్యకు దగ్గు పట్టుకుంది. పగలు స్కూల్లో బాగానే ఉంటుంది, ఇంటికొచ్చాక మొదలు. ఏడేళ్ల పిల్ల, ముసలివాళ్లలా దగ్గుతుంటే చూడలేకపోతున్నాను. వాతావరణం మారితే తగ్గుతుందని చూస్తున్నాం.

నీ చెల్లెలు,
హన్నా


హసన్‌పర్తి,
24 అక్టోబర్ 2024

చెల్లెలు హన్నాకు సుందర్ రావు ఆశీస్సులు. ఇక్కడ ఇద్దరం బాగున్నాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టెస్ట్ కాగితం దుకాణంలో గోడకు అంటించాను. దానిలో ఉన్నది సెకనుకు లీటర్ల లెక్క. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ నీకు తెలుసు. మీ వంటగది ఫ్యాన్ సెకనున్నరలో ఒక క్యాన్ నిండేంత గాలిని గోడ అవతల పారబోస్తుంది. నేను కొన్ని వేల ఫ్యాన్లు విప్పి బిగించాను. ఒక్కదాని గాలి కూడా కొలవలేదు. తిరిగిందా, చప్పుడు చేసిందా, వేడెక్కిందా, ఈ మూడే చూస్తాం. గాలిని కొలిచి సంతకం పెట్టేవాళ్లు ఉన్నారంటే సంతోషం.

ఆ వడ్రంగి సంగతి చదివి మీ వదిన నవ్వింది. "అక్కడ గూడ మన వడ్లోళ్లే ఉన్నరా" అంటోంది. కింద నుంచి పిల్లి దూరే మా వంటింటి తలుపు గుర్తుంది కదా.

దగ్గు గురించి. చలిగాలి ఎక్కడినుంచో లోపలికి వస్తున్నది. కొవ్వొత్తి వెలిగించి కిటికీల దగ్గర, తలుపుల కింద పట్టుకో. మంట ఎక్కడ వంగితే అక్కడ సందు ఉన్నట్టు. అలాంటి చోటు ఏదీ వదలకుండా మూసెయ్. పొద్దున, సాయంత్రం నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టు. గది తలుపు మూసి పట్టు, ఆవిరి బయటికి పోవద్దు. నీకు ఆరేళ్లప్పుడు, అమ్మ పోయిన ఏడు, నీకూ ఇలాగే వస్తే అట్లనే తగ్గింది.

ఈ రోజు దుకాణంలో: టేబుల్ ఫ్యాన్లు రెండు, కూలర్ మోటార్ ఒకటి. కూలర్ మోటార్ కాలిపోయింది, మళ్లీ చుట్టాలి.

మీ అన్న,
సుందర్ రావు


నాటింగ్‌హామ్,
30 నవంబర్ 2024

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే కొవ్వొత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగాం. దివ్యకు అదొక ఆట. కిటికీ చట్రాల పైన సన్నటి చీలికలున్నాయి, మంట అక్కడ బాగా వంగింది. వాటిమీద టేపు అంటించాం. తలుపుల కింద తువ్వాళ్లు కుక్కాం. విన్సెంట్ స్నానాల గది తలుపుకు అడుగున రబ్బరు పట్టీ కొట్టారు. ఇప్పుడు ఇల్లు డబ్బాలా వెచ్చగా ఉంది. రెండు పూటలా ఆవిరి పడుతున్నాను.

అయినా తగ్గలేదు. పోయిన వారం ఆయాసం ఎక్కువై, ఛాతీలో పిల్లికూతలు వచ్చి, దవాఖానలో రెండు రోజులు ఉంచారు. ముక్కుకు మాస్కు పెట్టుకుని నా వేలు పట్టుకుని పడుకుంది. ఆ రెండు రోజుల్లోనే తేరుకుంది. ఇంటికి తీసుకొచ్చిన మూడో రోజు మళ్లీ మొదలు. డాక్టర్ ఇన్‌హేలర్ రాశారు. ఇంట్లో తేమ ఉందా అని అడిగారు. కొత్త ఇల్లు సార్, తేమ ఎక్కడినుంచి వస్తుందన్నాను.

నేనూ విన్సెంట్ వారమంతా మాట్లాడుకున్నాం. ఈ దేశపు చలి దీని ఒంటికి పడడం లేదు. మా ఇద్దరికీ షిఫ్టులు. నేను పనిచేసే వృద్ధుల ఆశ్రమంలో సెలవు దొరకడం కష్టం. అన్నయ్యా, దివ్యను మీ దగ్గర ఉంచుకుంటారా? రెండేళ్లో మూడేళ్లో, ఛాతీ గట్టిపడేదాకా. అక్కడే చదువుకుంటుంది. ఇది అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది. మీకు పిల్లలు లేరని అడుగుతున్నానని అనుకోవద్దు. నన్ను పెంచిన చేయి కనుక అడుగుతున్నాను.

వదినకు ఫోన్‌లో చెప్పలేదు. నువ్వే చెప్పు.

హన్నా


హసన్‌పర్తి,
7 డిసెంబర్ 2024

హన్నా,

ఉంచుకుంటాం. ఇది అడగాల్సిన మాట కాదు.

మీ వదినకు చెప్పాను. ఆమె నాకు వినబడాలని గట్టిగా మాట్లాడుతుంది కాబట్టి వాడకట్టంతా విన్నది. "ఎప్పుడు వస్తాంది? జర తారీఖు చెప్పు. పిల్ల అన్నం ఏం తింటది? తెలుగు వస్తదా, ఇంగ్లిష్‌ల మాట్లాడితె నేనేం జెయ్యాలె?" అని ఒకే ఊపిరిలో అడిగింది. నేను ఏదీ చెప్పేలోపు పక్కింటి బక్కమ్మ గోడ మీదినుంచి అంతే గట్టిగా, "నువ్వు తెలుగుల తిట్టు, రెండు దినాలల్ల నేర్సుకుంటది" అన్నది.

మర్నాడే స్కూలుకు పోయి వచ్చాం. జూన్‌లో చేర్చుకుంటామన్నారు. అప్పటిదాకా ఇంట్లో మీ వదిన అక్షరాలు దిద్దిస్తుంది. వెనక గదిలో ఉన్న పాత మోటార్లన్నీ దుకాణానికి మార్చాను. సున్నం వేయించాను. మంచానికి టేకు చెక్క తెచ్చాను, సాయంత్రాలు నేనే చేస్తున్నాను. ఇంతకుముందు మంచం చేయలేదు. దాని కోళ్లు నాలుగూ ఒక ఎత్తు రావడానికి రెండు రోజులు పట్టింది.

పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో మీ వదిన ఇంతగా పాటలు పాడడం నేను చూడలేదు. వినబడదు, పెదవులు కదులుతుంటే తెలుస్తుంది.

దివ్య ఎత్తు ఎంతో రాసి పంపు.

సుందర్ రావు


నాటింగ్‌హామ్,
18 డిసెంబర్ 2024

అన్నయ్యా,

దివ్య ఎత్తు నూట ఇరవై ఒక్క సెంటీమీటర్లు. మంచం కొంచెం పెద్దదే చెయ్యి, కాళ్లు చాపుకుని పడుకుంటుంది. ఫిబ్రవరి 15కి టికెట్లు చూస్తున్నాం. విన్సెంట్ తీసుకొచ్చి, వారం ఉండి వస్తారు.

ఇక్కడ చలి మరీ ఎక్కువైంది. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాల లోపలివైపు నీళ్లు కారుతుంటాయి. గుడ్డతో తుడిచి పిండితే చెంబెడు వస్తున్నాయి. దివ్య మంచం వెనక గోడకు నల్లటి బూజు మొదలైంది. తుడిస్తే పోతుంది, నాలుగు రోజులకు మళ్లీ వస్తుంది. బయట బట్టలు ఆరవు కనుక హాల్లోనే ఆరేస్తున్నాం. ఈ దేశమే ఇంత అనిపిస్తుంది.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి. ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండూ రాత్రీ పగలూ వాటంతటవే తిరుగుతుంటాయి, మనిషి ఉన్నా లేకపోయినా. ఖాళీ గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే నాకు ప్రాణం ఒప్పుతుందా? చిన్నప్పుడు నేను గది విడిచి వచ్చాక ఫ్యాన్ ఆగకపోతే నువ్వు పెట్టిన మొట్టికాయలు ఇంకా తల మీదున్నాయి. "ఎవ్వరికి విసురుతాంది అది, గోడలకా?" అనేవాడివి. తలుపు పైన ఎర్ర దీపంతో ఒక స్విచ్ ఉంటుంది, నాకందదు. మొదటి వారంలోనే స్టూలు వేసుకుని రెండూ ఆపేశాను. స్నానం చేసేటప్పుడు ఒక ఐదు నిమిషాలు వేస్తాం, మళ్లీ ఆపేస్తాం. విన్సెంట్ నన్ను "సుందర్ రావు చెల్లెలివి కదా" అంటారు.

దివ్య నీకొక ప్రశ్న రాయమంది. తను చెప్పినట్టే రాస్తున్నాను: "మామయ్యా, అత్తమ్మ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకుంటే అమ్మ వస్తుంది?" జవాబు నిన్నే అడగమన్నాను.

హన్నా


హసన్‌పర్తి,
27 డిసెంబర్ 2024

హన్నాకు,

ఉత్తరం అందింది. ఇక్కడ క్రిస్మస్ బాగా జరిగింది. దుకాణంలో పని ఎక్కువగా ఉంది. దివ్యకు మందు మానకుండా వాడు. మిగతావి తర్వాత రాస్తాను.

సుందర్ రావు


నాటింగ్‌హామ్,
2 జనవరి 2025

అన్నయ్యా,

తొమ్మిది రోజులు నీ ఉత్తరం కోసం చూశాను. ఐదు వాక్యాలు వచ్చాయి. మంచం మాట లేదు, గది మాట లేదు. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు లేదు.

నువ్వు ఎక్కువ మాట్లాడే మనిషివి కాదని నాకు తెలుసు. కానీ నీ తక్కువ మాటల్లో కూడా తేడా నాకు తెలుస్తుంది. వదినను ఫోన్‌లో అడిగితే "మీ అన్నకు ఏదో అయింది, అన్నం సరిగ తింటలేడు, అడిగితె చెప్పడు" అంది. బరువనిపిస్తోందా? యాభై ఏడేళ్ల వయసులో చిన్నపిల్లను పెంచడం మాటలు కాదు. మొదట సంతోషంలో ఒప్పుకుని, తర్వాత ఆలోచించుకుని ఉంటావు. అదే అయితే చెప్పెయ్. నాకు కోపం రాదు. నన్ను ఒకసారి పెంచావు, రెండోసారి అడగడం నా తప్పు.

టికెట్లు తీసుకున్నాం, ఫిబ్రవరి 15. వద్దంటే ఇప్పుడే చెప్పు.

హన్నా


హసన్‌పర్తి,
4 జనవరి 2025, శనివారం

హన్నా,

బరువు కాదు. ఆ మాట ముందు తీసెయ్. పిల్ల రావాలని నేను కోరుకున్నంతగా ఈ మధ్య ఏదీ కోరుకోలేదు. తప్పు అక్కడే జరిగింది. వరుసగా రాస్తాను.

నీ డిసెంబర్ ఉత్తరం 19న చూశాను. ఎర్ర దీపం స్విచ్ ఆపేశామని రాశావు. గోడకు అంటించిన టెస్ట్ కాగితం మళ్లీ చదివాను. ఫ్యాన్ రకం అన్నచోట కంటిన్యువస్ అని ఉంది. మోటార్ రేకు మీద ఆ మాట ఉంటే ఆపకుండా తిరగడానికి చేసిన మోటార్ అని అర్థం. ఈ ఒక్క ఇంగ్లిష్ మాట నాకు పాతికేళ్లుగా తెలుసు. అక్టోబర్‌లోనే చూడాల్సింది, అంకెలు చూసి మురిసిపోయాను.

మన దగ్గర ఫ్యాన్ మనిషి కోసం తిరుగుతుంది. అక్కడ ఇంటి కోసం తిరుగుతుంది. మన గోడలకు వెంటిలేటర్లు ఉంటాయి, తలుపులు పొద్దంతా తెరిచే ఉంటాయి, మన వడ్రంగుల దయ వల్ల సందులకు లోటు లేదు. మీ ఇల్లు గాలి చొరకుండా కట్టింది. స్నానం ఆవిరి, వంట ఆవిరి, తడిబట్టలు, మనుషుల ఊపిరి, ఇవన్నీ ఆ రెండు ఫ్యాన్లే మెల్లగా రాత్రీ పగలూ బయటికి తోడాలి. తోడిన గాలికి బదులు కొత్త గాలి కిటికీ పైన చీలికల్లోంచి రావాలి. అది గది నుంచి గదికి పోవడానికే తలుపుల కింద సందు. వడ్రంగి తప్పు చేయలేదు. కొవ్వొత్తి మంట వంగిన చోట్లు మీ ఇంటికి ముక్కుపుటాలు. నువ్వు ఫ్యాన్ ఆపావు. ముక్కు మూయమని చెప్పింది నేను. పైగా రెండు పూటలా ఆవిరి పట్టమన్నాను. అద్దాల మీద కారిన నీళ్లు, గోడ మీద బూజు, పిల్ల ఛాతీలో కూత, మూడూ ఒకటే అనుకుంటున్నాను. డాక్టర్ సరైన ప్రశ్నే అడిగారు. స్కూల్లో, దవాఖానలో బాగుండి ఇంట్లో దగ్గడం ఎందుకో చూడు.

ఇదంతా 19వ తారీఖున అరగంటలో అర్థమైంది. రాయలేదు. రాస్తే పిల్ల రాదని తెలుసు. ఆ రోజు మీ వదిన కిటికీకి పరదా కుడుతోంది. పువ్వుల గుడ్డ తెచ్చుకుంది. రేపు రాద్దాం అనుకున్నాను. పండగ అయ్యాక రాద్దాం అనుకున్నాను. తర్వాత ఆ ఐదు వాక్యాలు రాశాను. అవి రాసేటప్పుడు నా చేయి నాకే నచ్చలేదు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. ఈ పొద్దున దుకాణం తెరవకుండా మీ వదినకు అంతా చెప్పాను. ఆమె రొట్టెలు చేస్తున్న పిండి అట్లనే వదిలేసింది.

"గిది నీకెప్పుడు తెలిసింది?"

"పంతొమ్మిదిన."

వేళ్ల మీద లెక్కపెట్టింది. "పదహారు దినాలు. పదహారు దినాలు ఆ పిల్ల గా గాలే పీల్చిందా? ఎవరి కోసం దాసినవ్? నా కోసమా, నీ కోసమా?"

"ఇద్దరి కోసం."

"మరి పిల్ల కోసం ఎవరున్నరు?"

  ఆమె పిండి చేతులు కడుక్కుని, కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "రాయి. నేను గీన్నే కూసుంట. అయిపోయేదాక లేవకు." ఇప్పుడు ఎదురుగానే కూర్చుంది.

చేయాల్సినవి: టేపులు తియ్యి. తువ్వాళ్లు, రబ్బరు పట్టీ తియ్యి. ఎర్ర దీపం స్విచ్‌లు రెండూ వేసి, మళ్లీ ముట్టుకోవద్దు. ఆవిరి ఆపు. మందు మాత్రం డాక్టర్ చెప్పేదాకా ఆపకు, ఈ సంగతంతా ఆయనకు చెప్పు.

నా మాట నమ్మవద్దు, కొలిచి చూడు. మిషన్ అక్కర్లేదు. అరవై లీటర్ల చెత్త సంచి ఒకటి తీసుకో. గాలి నింపి, మూతిని ఫ్యాన్ జాలీ చుట్టూ ఆనించి పట్టుకో. సంచి ముడుచుకుపోయేదాకా సెకన్లు లెక్కపెట్టు. స్నానాల గదిలో ఏడున్నర సెకన్లు పట్టాలి. ముందు టేపులు, పట్టీ ఉండగా ఒకసారి, తీసేశాక ఒకసారి చెయ్యి.

దివ్య ప్రశ్నకు జవాబు: ఒక్క రాత్రి కూడా అక్కర్లేదు. అమ్మ దగ్గరే పడుకోమని చెప్పు.

సుందర్ రావు


నాటింగ్‌హామ్,
8 జనవరి 2025

అన్నయ్యకు,

టేపులు, పట్టీ ఉండగా: ఇరవై ఒక్క సెకన్లు. తీసేశాక: తొమ్మిది సెకన్లు. సంచి నేను పట్టుకున్నాను, దివ్య లెక్కపెట్టింది. స్విచ్‌లు రెండూ వేశాం. డాక్టర్‌కు చెప్పాను, ముందు ఇల్లు ఆరనివ్వమన్నారు.

పదహారు రోజుల సంగతి నేను ఇప్పుడు మాట్లాడలేను. ఆ పదహారు రోజుల్లో ఒక రోజు దాన్ని మళ్లీ దవాఖానకు తీసుకుపోయాం. నీకు చెప్పలేదు, కంగారు పడతావని.

హన్నా


హసన్‌పర్తి,
9 జనవరి 2025

హన్నా,

చదివాను. నువ్వు మాట్లాడకపోయినా తప్పు లేదు. సెకన్లు మాత్రం పంపు.

ఏడున్నరకు తొమ్మిది వచ్చిందంటే జాలీ మీద దుమ్ము ఉంటుంది. స్విచ్ ఆపి, జాలీ తీసి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి బిగించు. వెంటనే స్విచ్ మళ్లీ వెయ్యి.

సుందర్ రావు


12 జనవరి. జాలీ కడిగాం. ఏడున్నర సెకన్లు. దగ్గు: నిన్న ఆరుసార్లు.
హన్నా

19 జనవరి. ఏడున్నర. కిటికీలు పొద్దున పొడిగా ఉన్నాయి. దగ్గు: మూడుసార్లు.
హన్నా

27 జనవరి. ఏడున్నర. బూజు మళ్లీ రాలేదు. దగ్గు: పొద్దున ఒకసారి. నిన్న మెట్లెక్కుతూ పాట పాడింది.
హన్నా


నాటింగ్‌హామ్,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

అన్నయ్యా,

నెల రోజులు నీకు అంకెలే పంపాను. నువ్వు రాసే పద్ధతి అదే కదా, ఎలా ఉంటుందో నీకూ తెలియాలని. కానీ ఆ అంకెలు రాస్తుంటే ఒకటి అర్థమైంది. పక్కన మనిషి ఊపిరి ఆడుతోందో లేదో తెలుసుకోవాలనుకున్నప్పుడు అంకెలు కూడా ప్రేమగానే రాస్తాం.

పోయిన మంగళవారం బిల్డర్ పంపిన టెస్టర్ వచ్చాడు. గరాటు లాంటి మిషన్ ఫ్యాన్ మీద ఆనించి కొలిచాడు. వంటగది 13, స్నానాల గది 8. మీ అన్న చెప్పిన సంచి లెక్క సరిగ్గానే ఉందన్నాడు. ఆ స్విచ్‌లు రిపేరు చేసేవాళ్ల కోసమేనట, చాలా ఇళ్లలో ఆపేస్తారట. లావు పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది, ఎప్పుడూ ఆపవద్దని. విన్సెంట్ ఆ పేజీ చదివి, దాన్ని స్విచ్ పక్కన గోడకు అంటించారు. డాక్టర్ ఛాతీ విని బాగుందన్నారు. ఇన్‌హేలర్ చలికాలం అయ్యేదాకా ఉంచమన్నారు.

నీ మీద కోపం వచ్చింది. మూడు వారాలు ఉంది. స్టూలు వేసుకుని స్విచ్ ఆపిన చేయి నాది, పుస్తకం తెరవనిది నేను. నా తప్పు ఆరు నెలలు, నీది పదహారు రోజులు. నా తప్పు నేను తెలియక చేశాను, నువ్వు తెలిసి చేశావు. ఎన్నిసార్లు తూచినా రెండూ సమానం కావు. కానీ ఆ ఉత్తరం రాయకుండా ఇంకో నెల ఆగి ఉంటే దివ్య మీ ఇంట్లో ఉండేది, దగ్గు తగ్గేది, అందరం చలిదే తప్పని అనుకునేవాళ్లం. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. నువ్వు రాశావు. అది కూడా తూకంలో వేస్తున్నాను.

టికెట్లు రద్దు చేశాం. ఈ ఒక్క వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను.

వదిన ఫోన్‌లో నవ్వుతూనే ఉంది. "మంచిగైంది పో, పిల్ల తల్లి దగ్గరుండాలె" అంటోంది. ఆ నవ్వు నేను నమ్మడం లేదు. నువ్వు నిజం రాయి. వదిన ఎలా ఉంది?

నీ చెల్లెలు,
హన్నా


హసన్‌పర్తి,
17 ఫిబ్రవరి 2025, సోమవారం

హన్నా,

నిజమే రాస్తాను. ఇక ఏదీ దాచను.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. టికెట్ల వాక్యం దగ్గర లేచి, ఎసట్లో బియ్యం పోసేది ఉందని లోపలికి పోయింది. బియ్యం అంతకుముందే పోసి ఉంది. స్కూలుకు తనే ఒక్కతే పోయి, పిల్ల రావడం లేదని చెప్పి వచ్చింది. నేను పోతానంటే వద్దన్నది. వెనక గది తలుపు మూయలేదు. రోజూ ఊడుస్తుంది. ఆ మంచం మీద దుప్పటి మార్చింది.  పాటలు ఆపేసింది. నాతో మాట్లాడుతుంది, వంట చేస్తుంది. పదహారు రోజుల మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండు.

నిన్న ఆరాధన అయ్యాక పాస్టర్ గారు సాక్ష్యాలు ఉన్నవాళ్లు లేవండి అన్నారు. ఉద్యోగం వచ్చినవాళ్లు, ఆపరేషన్ అయి బాగుపడ్డవాళ్లు లేచి చెప్పుకున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి మీ వదిన లేచింది. ఆమె ఎప్పుడూ లేవదు. నేను మగవాళ్ల వైపు చివర కూర్చున్నాను. ఆమె అందరి వైపు తిరిగి నిలబడింది కనుక అక్కడినుంచి ముఖం కనబడింది. ఇరవై తొమ్మిదేళ్లుగా చూస్తున్న పెదవులు, నాకు వినబడనక్కర్లేదు.

"మా ఆడిబిడ్డ బిడ్డ పానం మంచిగైంది. మా ఇంటికి వస్తలేదు. వాళ్లమ్మ దగ్గర్నే ఉంటది. దేవునికి స్తోత్రం" అన్నది.

డిసెంబర్ నుంచి పిల్ల వస్తున్నదని అందరికీ చెప్పుకున్న మనిషి. వాళ్లకు తెలుసు.  ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత నా వరుసలో అందరి పెదవులూ ఒక్కసారి కదిలాయి. స్తోత్రం అంటున్నారని అర్థమైంది. నేనూ అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. ముందు వరుసలవాళ్లందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆమె కూడా చూసింది.

మీ అన్న,
సుందర్ రావు